స్పెయిన్ దేశపు సూర్యతీరము: మేలైన ఒడ్డు ఏది?

ఐరోపా ఖండమునకు నైరృతి మూలనున్న స్పెయిన్ దేశమున, మధ్యధరా సముద్రమును ఒరసికొని మాలగా మండలము కలదు. తూర్పున నెర్హా మొదలు పడమట మనిల్వా వరకు సుమారు 160 కిలోమీటర్ల పొడవున సాగిన ఆ మండలపు తీరమునకు ‘కోస్తా దెల్ సోల్’ అని పేరు. సూర్యతీరమని దాని అర్థము. వినుటకు మిగుల ప్రాచీనమైన పేరువలె తోచును గాని, దానికి నూరేండ్లకు మించిన వయస్సు లేదు. 1920లలో, పొరుగుననున్న అల్మెరియా నగరమున హోటలు నడిపిన లుస్నిగ్ అను ఆస్ట్రియా దేశస్థుడు ప్రచారార్థము తమ తీరమునకు కల్పించిన పేరు ఇదని చెప్పుదురు. పిమ్మట అది మాలగా తీరమునకే స్థిరపడినది.

పేరు పొగడ్తకై పుట్టినదైనను అబద్ధము కాదు. మాలగా నగరమున సంవత్సరమునకు దాదాపు 2900 గంటల కాలము ఎండ కాయును. ఉత్తరమున పర్వతపంక్తి గోడవలె నిలిచి చలిగాలిని అడ్డగించును. ఏటేట లక్షలాది జనము అచ్చటికి పోవుచున్నారు. పోయినవారందరు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: ఇన్ని ఒడ్డులలో మేలైనది ఏది? దీనికి పట్టికలు కట్టి జవాబు చెప్పువారు పెక్కురు కలరు. మేము అట్టి పట్టికను ఇచట చదువబోము. మేలనగా ఎవరికి మేలు, దేనికి మేలు అని ముందుగా విచారింపవలెను. ఈ తీరమున మానవులు వేలాది ఏండ్లుగా ఒడ్డులను ఎంచుకొనుచునే యున్నారు. ఒక్కొక్క యుగము ఎంచిన ఒడ్డు ఒక్కొక్కటి. ఆ ఎంపికల గురుతులు నేటికిని పేర్లలోను రాళ్లలోను నిలిచియున్నవి.

నెర్హా చెంతనున్న గుహతో మొదలుపెట్టుదము. 1959 జనవరి 12వ తేదీన ఐదుగురు కుర్రవాండ్రు గబ్బిలములను వెదకుచు పోయి ఆ గుహను కనుగొనిరి. అందలి త్రవ్వకములలో గవ్వలు, చేపల ఎముకలు, సముద్రపు సీలు జంతువుల ఎముకలు సైతము బయల్పడినవి. ఆదిమానవులకు మేలైన ఒడ్డనగా ఆహారము దొరకు ఒడ్డు.

తరువాత ఫినీషియనులు వచ్చిరి. క్రీస్తు పూర్వము 8వ శతాబ్దమున, మధ్యధరా తూర్పు కొననుండి ఓడలలో వచ్చిన ఈ వర్తకులు ఇసుకను చూడలేదు, నదీముఖములను చూచిరి. గ్వదల్‌హోర్సే నది కడలిలో కలియుచోట ఒక వాడ, వేలెస్ నది ముఖమున తొస్కానోస్ అను మరియొక వాడ నెలకొల్పిరి. మాలకా నగరము, అనగా నేటి మాలగా, వారి స్థాపనమే. ఓడ నిలుపుటకు నెమ్మదియైన నీరు, త్రాగుటకు మంచినీరు, లోపలి గ్రామములతో బేరమాడుటకు నది దారి, ఈ మూడును వారికి కావలెను. అయితే ఆ నదులే మట్టిని, ఇసుకను మోసికొనివచ్చి వారి రేవులను పూడ్చివేసినవి. ఒకనాడు ఓడలు నిలిచిన తొస్కానోస్ నేడు సముద్రమునకు ఎడముగా పొలముల నడుమ నున్నది. నది పూడ్చిన చోటనే తరువాతివారికి ఇసుకతీరము ఏర్పడినది. ఈ సంగతి శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మనకు ముందు పని కలదు.

రోమనులకు మేలైన ఒడ్డు చేపలను ఊరవేయుటకు వీలైనది. మాలకాలో చేపలకు ఉప్పుపట్టించు పెద్ద కర్మాగారములు ఉన్నవని భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో వ్రాసియున్నాడు. తొర్రోక్స్ దీపస్తంభము పాదమున చేపలను ఊరవేసిన తొట్లు నేటికిని కాననగును. నేడు యాత్రికులు తువాలు పరచుకొను చోట ఒకప్పుడు ఎంతటి కంపు కొట్టుచుండెనో ఊహింపవచ్చును.

711వ సంవత్సరమున ఉత్తరాఫ్రికానుండి వచ్చిన ముస్లిములు ఈ దేశమున అడుగిడిరి. మాలగా 1487 వరకు వారి ఏలుబడిలో నుండెను. ఆ ఏట ఫెర్డినాండు, ఇసబెల్లా రాజదంపతులు ముట్టడించి నగరమును గైకొనిరి. అటుపిమ్మట సముద్రపు దొంగల భయము హెచ్చినది. ఆవలి ఒడ్డునుండి ఓడలు వచ్చి, ఊళ్లు దోచి, మనుష్యులను చెరపట్టుకొనిపోవుచుండెను. జనులు గుట్టలపైని ఊళ్లలో తలదాచుకొనిరి. తీరమున కావలి బురుజులు నిలిచినవి. పగలు పొగతోను, రాత్రి మంటతోను ఒక బురుజు మరియొక బురుజునకు ఆపదను తెలియజేయుచుండెను. తొర్రెమొలినోస్ అనగా మరల బురుజు. తొర్రె దెల్ మార్ అనగా కడలి బురుజు. చాటున వినువారెవరో ఉన్నారని హెచ్చరించుటకు స్పెయిన్ ప్రజలు నేటికిని ‘తీరమున మూరులున్నారు’ అందురు. ఆ కాలమున మేలైన ఒడ్డనగా బురుజు కంటికి దూరము కానిది. విలాసమునకై ఒడ్డుకు పోవుట అను మాటయే వారికి వింతగా తోచియుండును.

19వ శతాబ్దమున భయము తగ్గి పరిశ్రమ వచ్చినది. మాన్వెల్ అగుస్తిన్ హెరేదియా అను వర్తకుడు మార్బెయ్యా చెంత వేర్దె నది గట్టున ఇనుము కరగించు కొలుములు నెలకొల్పెను. ఖనిజము కొండలలో ఉండెను. బొగ్గునకై అడవులు కొట్టిరి. సరుకు ఎగుమతికి సముద్రము ఉండెను. 20వ శతాబ్దమునను ఇదే తంతు సాగినది. మార్బెయ్యాలో నేటికిని ‘ఎల్ కాబ్లె’ అను ఒడ్డు కలదు. కాబ్లె అనగా తీగమోకు. కొండమీది ఇనుపఖనిజమును వ్రేలాడు తొట్లలో ఓడలకడకు చేర్చిన తీగమార్గము పేరే ఆ ఒడ్డునకు మిగిలినది. మాలగాలోని మిసెరికోర్దియా ఒడ్డున 1923లో కట్టిన సీసపు కర్మాగారపు పొగగొట్టము, నూరు మీటర్లకు మించిన ఎత్తున, స్నానము చేయువారి తలలపై నిలిచియున్నది. కర్మాగారము పోయినది గాని గొట్టము పోలేదు.

ఈ యుగములన్నిటను ఒడ్డును విడువనివారు బెస్తలు. మాలగాకు తూర్పున పెద్రెగలేహో, ఎల్ పాలో అను పేటలు వారివి. వెదురుపుల్లకు సార్డీను చేపలను గ్రుచ్చి, ఇసుకలో నిప్పుల ప్రక్కన నిలిపి కాల్చు ‘ఎస్పెతో’ వారి వంటకము. 1884 డిసెంబరు 25న ఈ ప్రాంతమున ఘోరమైన భూకంపము సంభవించినది. బాధితులను పరామర్శించుటకు 1885లో అల్ఫొన్సో రాజు వచ్చినపుడు, ఎల్ పాలోలోని పూటకూటి యజమాని ఒకడు ముల్లుగరిటెతో తినబోయిన రాజును వారించి, వ్రేళ్లతో తినవలెనని నేర్పెనని ఒక కథ చెప్పుకొందురు.

వినోదముల పుస్తకములలో కానరాని సంగతి ఒకటి కలదు. 1936లో స్పెయిన్ దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. 1937 ఫిబ్రవరి 8 నాటికి మాలగా జనరల్ ఫ్రాంకో పక్షమువారి వశమయ్యెను. నగరమును విడిచి లక్షమందికి పైగా ప్రజలు, స్త్రీలు, పసిపిల్లలు, వృద్ధులు, తీరపు బాటవెంట రెండువందల కిలోమీటర్లకు పైబడి దూరమున ఉన్న అల్మెరియాకు కాలినడకను బయలుదేరిరి. ఒక ప్రక్క కొండ, ఒక ప్రక్క సముద్రము. సముద్రమునుండి యుద్ధనౌకలు గుండ్లు కురిపించినవి. ఆకసమునుండి విమానములు బాంబులు వేసినవి. వేలమంది మరణించిరి. కెనడా దేశపు వైద్యుడు నార్మన్ బెథ్యూన్ రక్తదానపు బండితో ఎదురు వచ్చి, ఆ బండినే ఖాళీ చేయించి, పిల్లలను మోసి అల్మెరియాకు చేర్చెను. ఇదే బెథ్యూన్ తరువాత చైనాలో సేవచేసి 1939లో అచ్చటనే మరణించెను. అతని పేరిట వెలసిన వైద్యశాలకే మన డాక్టరు ద్వారకానాథ్ కొట్నీస్ అధిపతి ఆయెను. మాలగా నగరము 2006లో తీరమున ఒక బాటకు కెనడీయుల పేరు పెట్టి ఆ ఋణమును తలచుకొన్నది. నేడు నెర్హాకు కారులో పోవువారు చూచి ముచ్చటపడు మలుపులు ఆ నడకకు సాక్షులే.

విహారయుగము ఇంతలోనే కలుగలేదు. 1930లోనే తొర్రెమొలినోస్‌లో ఒక ఆంగ్లేయుడు తన భవనమును అతిథులకు తెరచియుండెను. చిత్రకారుడు సాల్వదోర్ దాలీ ఆ ఏట ఆ ఊరిలో కొన్నాళ్లు గడపెను. 1954లో హోహెన్‌లోహె రాజకుమారుడు మార్బెయ్యాలో తన విడిదిని హోటలుగా మార్చెను. 1959లో స్పెయిన్ ప్రభుత్వము తన నాణెపు విలువను తగ్గించి, డాలరునకు 60 పెసెతాలు చేయగా, ఉత్తరపు దేశములవారికి ఈ తీరము చవుక అయ్యెను. ఆ ఏటనే తొర్రెమొలినోస్‌లో ‘పెస్ ఎస్పాదా’ అను గొప్ప హోటలు తెరచిరి. వలలు ఆరవేసిన లా కరివ్వేలా పేట భోజనశాలల వీధి అయ్యెను. బెస్తల బిడ్డలలో ఎందరో వడ్డించువారైరి.

ఇచ్చటనే మనము నదుల సంగతిని మరల తలచుకొనవలెను. ఒడ్డున ఇసుకను నింపునది నది. కొనిపోవునది తూర్పుగాలి తుఫాను. ఒకనాడు రాక, పోక సరిపోవుచుండెను. పట్టణములు పెరుగగా నీటికై ఆనకట్టలు కట్టవలసివచ్చినది. హెరేదియా కొలుములు నడచిన వేర్దె నదికే 1971లో ఆనకట్ట పూర్తియైనది. నీరు నిలిచినది, నీటితోపాటు ఇసుకయు నిలిచినది. ఇసుకదిబ్బలపై మేడలు లేచినవి. అందుచే నేడు చలికాలపు తుఫానులు కొట్టుకొనిపోయిన ఇసుకను వసంతమున యంత్రములతో తెచ్చి పోయుచున్నారు. యాత్రికుని కొరకు ఎంచిన ఒడ్డు యాత్రికుని వలననే కరుగుచున్నది. మార్బెయ్యా తూర్పున అర్తోలా దిబ్బలను 2003లోను, నెర్హా చెంత మారో కొండతీరమును 1989లోను రక్షితస్థలములుగా ప్రకటించుటకు కారణమిదే.

ఇక ఎంచుకొనువారికి రెండు మాటలు. పిల్లలు గలవారికి తొర్రెమొలినోస్‌లోని బహోందియో వంటి వెడల్పైన ఒడ్డులు అనుకూలములు. నిర్మలమైన నీరు కోరువారికి మారో రాతిగూళ్లు తగును. అయితే అక్కడ కాళ్లకు గులకరాళ్లు తప్పవు. ఇసుకదిబ్బల అందము కోరువారు అర్తోలాకు పోవలెను. భోజనప్రియులు ఎల్ పాలోకు. గాలిని తప్పక గమనింపవలెను. తూర్పుగాలి అలలను లేపును. నేలమీదినుండి వీచు ‘తెర్రాల్’ గాలి ఒడ్డును కాల్చుచునే నీటిని చల్లబరచును. ఏలననగా అది పైనీటిని తీరమునుండి నెట్టగా, అడుగుననున్న చల్లనినీరు పైకి వచ్చును. శుభ్రతకు గురుతుగా కొన్ని ఒడ్డులపై నీలిజెండా ఎగురును. 2020లో విశాఖపట్టణము చెంతనున్న మన ఋషికొండ తీరమునకు లభించినదియు ఆ జెండాయే.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. స్పెయిన్ రాజ్యాంగము 1978లో సముద్రతీరములను ప్రజల ఆస్తిగా ప్రకటించినది. 1988 నాటి తీరశాసనము సముద్రపు ఒడ్డు లోపలి అంచునుండి నేలవైపునకు ఆరు మీటర్ల మేర నడకదారిని ఎవరును మూయరాదని విధించినది. ఏ హోటలు ముందైనను, ఏ ధనికుని తోట ముందైనను పల్లెవాడు నిరాటంకముగా నడువవచ్చును. ఆ తీరమునకు పోవువారు ఇసుక రంగును, నీటి వెచ్చదనమును విచారించుటకు ముందు ఈ ఆరు మీటర్ల దారి తెరచియున్నదో లేదో చూడవలెనని మా మనవి. అది తెరచియున్నచోట బెస్తకును యాత్రికునకును ఇంకను చోటు కలదు.