వీరుడు, మతగురువు, దొంగ: ఒక ఆటలో వర్గాల చరిత్ర

'క్లాస్' అన్న ఇంగ్లీషు మాటను మనం వర్గమని అంటున్నాం. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే అమెరికన్ ఆటలో ఆ మాటకే మరొక అర్థం ఉన్నది. ఆ ఆట ఆడే మా విద్యార్థి ఒకడు ఆ మధ్య నాతో, "మీరు చెప్పే వర్గం మనిషికి పుట్టుకతోనో ఆస్తితోనో అంటుకొని వస్తుంది. మా ఆటలో క్లాసును మేమే కోరుకుంటాం, మాస్టారూ!" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని అందులో సవాలు ఉన్నది. కోరిన వర్గంలో పుట్టి, పాటుపడితే చాలు పైమెట్టు ఎక్కగలిగే లోకం ఊహలోనైనా ఒకటున్నదని అతని భావం. ఆ లోకాన్ని ఎవరు కట్టారు, ఏ సరుకుతో కట్టారు, అందులో ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అని విచారించటం సాహిత్య విద్యార్థుల పని కాదనుకోను. కథ ఉన్న చోటల్లా మనకు పని ఉన్నది.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్వాహకుడు. అతను ఒక ఊహాలోకాన్ని వర్ణిస్తాడు: పాడుబడిన కోట, దాని కింద నేలమాళిగలు, వాటిలో రాక్షసులు, నిధులు. తక్కినవారు తలా ఒక పాత్రను ధరించి తామేం చేస్తామో చెబుతారు. చెప్పింది నెగ్గిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ప్రతి పాత్రకూ ఒక క్లాసు ఉంటుంది. అతను ఏ ఆయుధం పట్టవచ్చు, ఏ విద్య నేర్వవచ్చు, ఎంత వేగంగా మెట్లెక్కవచ్చు అన్నదంతా దాన్నిబట్టే. మన పిల్లలు నేడు కంప్యూటర్ల మీదా సెల్‌ఫోన్ల మీదా ఆడే ఆటలలో చాలావాటికి ఈ ఏర్పాటు ఇక్కడినుంచి వచ్చిందే.

నిజానికి మన భాషలో దీనిని వర్గమనటం కంటే కులవృత్తి అనటం దగ్గర. అయితే పుట్టుకతో రాని కులవృత్తి.

ఈ క్లాసుల చుట్టూ నేడు ఎంతో పురాణం అల్లుకొని ఉన్నది. మతగురువుకు దేవుళ్లు, దొంగలకు సంఘాలు, మాంత్రికులకు గురుకులాలు. చదివితే ఎవరో ముందుగా ఆ లోకాన్ని కలగని, అందులోని మనుషులకు తగిన నియమాలు తరవాత రాసి ఉంటారని తోస్తుంది. చరిత్ర దీనికి తలకిందులుగా ఉన్నది. ముందు పుట్టింది లెక్క. పురాణం ఆ లెక్కను సమర్థించటానికి వెనకనుంచి వచ్చింది.

వీరుడినే చూడండి. విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో ఉండే గారీ గైగాక్స్ చికాగోలో భీమా కంపెనీ ఉద్యోగి. 1970లో ఆ ఉద్యోగం పోయింది. ఇంట్లో చెప్పులు బాగుచేస్తూ సంసారం ఈదుతూ, బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాలకు నియమాలు రాసేవాడు. 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి 'చెయిన్‌మెయిల్' అనే పుస్తకం తెచ్చాడు. దాని అనుబంధంలో 'హీరో' అనే బొమ్మ ఉన్నది. హీరో అంటే ఎవరు? నలుగురు సైనికుల పెట్టు. 'సూపర్ హీరో' అంటే ఎనిమిదిమంది పెట్టు. అంతే! శౌర్యమూ ధర్మమూ వంశమూ ఏమీ లేవు. ఒక బొమ్మను నాలుగు బొమ్మల కింద లెక్కకట్టటంలో వీరుడు పుట్టాడు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వెలువడినప్పుడు యోధుడి నాలుగో మెట్టుకు 'హీరో' అనీ, ఎనిమిదో మెట్టుకు 'సూపర్ హీరో' అనీ బిరుదులున్నాయి. లెక్క బిరుదుగా మారటానికి మూడేళ్లు పట్టింది.

మతగురువు కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చరిత్ర చదివిన డేవ్ ఆర్నెసన్ 'బ్లాక్‌మూర్' అనే కల్పిత సీమలో మిత్రుల చేత ఆట ఆడించేవాడు. ఆ ఆటగాళ్లలో ఒకడు రక్తం తాగే పిశాచం పాత్ర ధరించి, ఎవరికీ లొంగనంతగా బలిసిపోయాడు. అతన్ని అదుపులో పెట్టాలి. అందుకని ఆనాటి పిశాచాల సినిమాలలో శిలువ పట్టుకొని వెంటాడే వేటగాడి పోలికతో ఒక పాత్రను దింపారు. అదే క్లెరిక్. బలాబలాలు సరితూచే రాయిగా వచ్చినవాడికి తరవాత మహిమలు కావలసివచ్చాయి. బైబిలు పక్కనే ఉన్నది: కర్రలను పాములు చేయటం, మిడతల దండును రప్పించటం, అన్నం సృష్టించటం, చచ్చినవాణ్ణి లేపటం. ఇతను కత్తి పట్టరాదని నియమం. రక్తం చిందించరాదు గనుక గదతో మోదుతాడని పురాణం. మధ్యయుగాల బిషప్పుల గురించి అటువంటి కథ ప్రచారంలో ఉన్న మాట నిజమే. కాని ఆటలో మహిమగల కత్తులు యోధుడికి దక్కిన ప్రత్యేక హక్కు. మతగురువుకు కూడా అవి దొరికితే యోధుడికి మిగిలేదేమిటి? 1974 నియమాలలో మొదటి మెట్టు మీద ఉన్న మతగురువుకు ఒక్క మహిమ కూడా లేదు. రెండో మెట్టు ఎక్కితేగాని దేవుడు పలకడు. ఇక అతని బిరుదుల వరస చూస్తే నవ్వు వస్తుంది. పల్లె పురోహితుడు, వికారు, క్యూరేటు, బిషప్పు వరకూ అంతా క్రైస్తవమే. బిషప్పుకు పైన లామా, ఆ పైన పేట్రియార్కు! టిబెట్టు లామా ఆ రెంటి నడుమకు ఎట్లా చేరాడంటే, నిచ్చెనలో ఒక మెట్టు ఖాళీగా ఉన్నది గనుక.

మాంత్రికుడి సంగతి త్వరగా చెప్పి వదిలేస్తాను. ఒక మంత్రాన్ని ప్రయోగించగానే అది మనసునుంచి తుడిచిపెట్టుకు పోతుందన్న నియమం జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన 'ది డయింగ్ ఎర్త్' కథలనుంచి తెచ్చుకున్నది. రచయిత ఊహగా అది అందమైనది. ఆటలో మాత్రం అది తుపాకీ గుళ్ల లెక్క. రోజుకు ఇన్ని మంత్రాలే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ ముగ్గురూ మెట్లెక్కేది దేనివల్ల? మొదటి నియమాల ప్రకారం నేలమాళిగనుంచి మోసుకొచ్చిన బంగారు నాణెం ఒక్కంటికి ఒక అనుభవపు పాయింటు. రాక్షసుణ్ణి చంపినా పాయింట్లు వస్తాయి గాని నిధి తెచ్చిపెట్టేదే ఎక్కువ. దోచినది అనుభవంగా మారుతుంది, అనుభవం అధికారంగా మారుతుంది. తొమ్మిదో మెట్టు చేరిన యోధుడు 'లార్డు'. కోట కట్టుకుంటే 'బారన్'. అప్పుడతనికి తన ఏలుబడిలోని మనిషి ఒక్కంటికి ఏటా 10 బంగారు నాణేల పన్ను వస్తుంది. మతగురువు కోట కట్టుకుంటే అతనికి వచ్చే కానుక పేరు దశమభాగం. అది ఎంతనుకున్నారు? మనిషికి ఏటా 20 నాణేలు! ప్రభువుకు పది, దేవుడి పేరిట ఇరవై. మధ్యయుగాల ఐరోపాలో చర్చి ఎంత పెద్ద భూస్వామో ఈ ఇద్దరు అమెరికన్లు ఆలోచించి రాశారో, ఆలోచించకుండానే రాశారో గాని, ఆ రెండు అంకెలు మన చరిత్ర పాఠాలలో కొన్ని పేజీల పెట్టు. మరి ఆ పదీ ఇరవై చెల్లించే మనిషి ఎవరు? అతనికి క్లాసు లేదు. వ్యవసాయం అన్న మాట నియమాలలో లేకపోలేదు. బారన్ డబ్బు పెట్టుబడి పెట్టదగిన పద్దులలో అదొకటి.

మన విమర్శకులలో కొందరికి ఇంతటితో తీర్పు చెప్పి పుస్తకం మూసే అలవాటు ఉన్నది. భూస్వామ్య లోకాన్ని అమెరికన్ చిన్నవ్యాపారి కళ్లతో చూసిన కల, కొట్టు పెట్టుకున్న ప్రతివాడూ కోటీశ్వరుడవుతాడన్న భ్రమ అని. ఆ మాటలో అబద్ధం లేదు. కాని అక్కడ ఆగితే దొంగ మన చేయి దాటిపోతాడు.

దొంగను గైగాక్స్ గాని ఆర్నెసన్ గాని సృష్టించలేదు. 1974లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఒక ఆటవస్తువుల దుకాణం చుట్టూ చేరిన ఆటగాళ్లు, నియమాలలో లేని ఒక పాత్రను తమ బల్ల మీద తామే తయారుచేసుకున్నారు. ఆ సంగతి టెలిఫోన్లో విన్న గైగాక్స్ తన పద్ధతిలో నియమాలు రాసి, 1975లో 'గ్రేహాక్' అనే అనుబంధంలో చేర్చాడు. ఆయుధ బలమూ దైవబలమూ మంత్రబలమూ లేనివాడు ఆటలోకి వచ్చింది ఆడేవాళ్ల చేతిమీదుగా. అతనికి ఉన్నది పనితనం. తాళం తీయటం నూటికి 15 వంతులు, ఉచ్చు విప్పటం 10, నీడలో దాగటం 10 — మొదటి మెట్టున అతని బతుకు ఇది. మొదటి బిరుదు 'అప్రెంటిస్'! కొలిమి దగ్గరో మగ్గం దగ్గరో పని నేర్చుకునే కుర్రవాడికి ఉండే పేరు. 'మృచ్ఛకటికం'లో శర్విలకుడు జంధ్యంతో కొలిచి గోడకు కన్నం వేస్తూ ఆ విద్యకు శాస్త్రం చెప్పటం మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అతని చుట్టమే ఇతను. దొంగల సంఘం అనే పురాణం ఫ్రిట్జ్ లైబర్ కథలనుంచి వచ్చి కలిసింది.

అయితే దొంగ రాకతో ఒక నష్టం కూడా జరిగింది. అంతకుముందు నేలమాళిగలో ఉచ్చు ఎదురైతే ఎవరైనా కర్రతో నేల తట్టి, నీళ్లు పోసి అవి ఎటు ఇంకుతున్నాయో చూసి, బుద్ధి ఉపయోగించి బయటపడేవారు. దొంగ వచ్చాక అది దొంగ పని అయింది. యోధుడు తలుపు దగ్గర నిలబడి ఎదురుచూస్తాడు. పాత ఆటగాళ్లలో ఈ ఫిర్యాదు ఇప్పటికీ ఉన్నది. శ్రమ విభజన గురించి నేను క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఇంత సులువుగా బోధపరచలేకపోయాను. పనిని ఒకడికి నైపుణ్యంగా ఇచ్చిన నియమమే తక్కినవారి చేతులు కట్టేసింది. ఎవరూ నిషేధించలేదు. పట్టికలో ఒక గడి పెరిగింది, అంతే.

దొంగను గురించి ఇంకొక్క మాట. 1974 నియమాలలో మనుషులకు మెట్లు ఎక్కటానికి హద్దు లేదు. మరుగుజ్జు జాతివాడు యోధుడిగా ఆరో మెట్టు దాటలేడు. హాబిట్ నాలుగో మెట్టు దాటలేడు. (టోల్కీన్ హక్కుదారుల అభ్యంతరం వల్ల 1977లో ఆ పేరు హాఫ్లింగ్‌గా మారింది. చట్టం కూడా పురాణం రాస్తుంది.) లోకం మనుషుల ఏలుబడిలో ఉండాలి గనుక ఈ హద్దులని సమర్థన. 1978 నాటి నియమాలలో మరుగుజ్జులకూ, ఎల్ఫులకూ, హాఫ్లింగులకూ హద్దులేని క్లాసు ఒకటే ఒకటి ఉన్నది: దొంగ. పై కొలువులన్నింటికీ కప్పు వేసి, అట్టడుగున ఒక తలుపు తెరిచి ఉంచారు. అదే పుస్తకంలో స్త్రీ పాత్రల బలానికి కూడా పురుషుడి కంటే తక్కువ హద్దు ఉన్నది. అది 1989లో పోయింది. జాతుల హద్దులు 2000 దాకా ఉన్నాయి. 2024 పుస్తకంలో 'రేస్' అన్న మాటే తీసేసి 'స్పీసీస్' అన్నారు. ఈ మార్పులు పైవాళ్ల దయ అనుకోరాదు. ఏళ్ల తరబడి ఎన్నో బల్లల మీద ఆడేవాళ్లు ఆ హద్దులను పక్కనపెట్టే ఆడుతున్నారు. పుస్తకం వెనకబడి వచ్చి వారిని కలుసుకున్నది.

ఇంత చేసినవారికి ఆట మీద హక్కు ఉన్నదా? ఆర్నెసన్ రాయల్టీ కోసం 1979లో దావా వేయవలసివచ్చింది. 1981లో రాజీ కుదిరింది. గైగాక్స్ కూడా 1985లో తన కంపెనీ మీద అధికారం పోగొట్టుకున్నాడు. 1997లో ఆ కంపెనీని విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్, దానిని 1999లో హాస్‌బ్రో కొన్నాయి. చెప్పులు కుట్టి బతికినవాడి ఆట బొమ్మల వ్యాపార సామ్రాజ్యంలో ఒక సరుకయింది. 2023 జనవరిలో ఆ యాజమాన్యం ఇతర రచయితలు ఈ నియమాలను వాడుకునే లైసెన్సును బిగించబోతే, ఆటగాళ్లు గగ్గోలు పెట్టి నెల తిరగకముందే వెనక్కు తీయించారు. మూల నియమాలు అందరికీ స్వేచ్ఛగా విడుదలయ్యాయి. శాంటా మోనికా దుకాణంలో దొంగను తయారుచేసినవారి వారసులే వీరు.

పన్ను చెల్లించే మనిషి సంగతి మిగిలింది. 2000లో నిర్వాహకుల పుస్తకంలో అతనికి ఎట్టకేలకు ఒక క్లాసు దొరికింది. పేరు 'కామనర్'. ఆటగాళ్ల కోసం కాదు, కథలో గుంపు నింపటానికి. ప్రాణబలానికి నాలుగు ముఖాల పాచిక, పట్టటానికి ఒకే ఒక సాధారణ ఆయుధం. పక్కనే 'అరిస్టోక్రాట్' ఉన్నాడు, అతనికి ఎనిమిది ముఖాల పాచిక. ఇంట్లో పిల్లి గీకినా కామనర్ చస్తాడని ఆటగాళ్లు హాస్యమాడేవారు. లెక్క వేసి చూస్తే హాస్యం కాదు.

2024 పుస్తకంలో పాత్ర పూర్వజీవితాలు 16 ఉన్నాయి. వాటిలో రైతు ఉన్నాడు. యాభై ఏళ్లకు వచ్చాడు. పూర్వజీవితాన్నిబట్టి మూడు గుణాలలో అదనపు అంకెలు చేర్చుకోవచ్చు. ప్రభువంశీయుడికి ఆ మూడు బలం, బుద్ధి, ఆకర్షణ. రైతుకు బలం, దేహదార్ఢ్యం, వివేకం. బుద్ధి లేదు. ఆ పేజీ తీసి మా విద్యార్థికి చూపించాను. కాసేపు చూసి, తమ బల్ల మీద ఎవరు ఏ గుణమైనా పెంచుకోవచ్చని ఎప్పుడో రాసుకున్నామన్నాడు. మరి ఏటా పది నాణేలు కట్టే ఊరివాళ్ల మాటేమిటని అడిగాను. వచ్చే ఆదివారం వాళ్లు బారన్ కోటకు వెళుతున్నారనీ, ఆటలో నాకూ ఒక చోటున్నదనీ అన్నాడు. ఏ క్లాసు కావాలో శనివారంలోగా చెప్పాలట.