మొదటి రకం

మా ఇంట్లో చుట్టాలొస్తే బెల్లం దాచేసేవాళ్లం. ఎక్కడ చెప్పినా నవ్వుతారు, అనకాపల్లి వాళ్లు బెల్లం దాచుకోవడమేమిటని. కానీ నిజం. వంటింటి గూట్లో కింది అరలో బెల్లం కోరు పోసిన సత్తు డబ్బా, పై అరలో పంచదార సీసా ఉండేవి. మా టీలు, కాఫీలు బెల్లంతోనే. వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడు వినగానే అమ్మ చెయ్యి పై అరలోకి వెళ్లేది. రేషన్ షాపు ముందు గంటల తరబడి నిలబడి తెచ్చిన ఆ పంచదారని మేం ముట్టుకుంటే ఊరుకునేది కాదు. "బెల్లం టీ ఇచ్చిందంటే నలుగురూ ఏటనుకుంటారే?" అనేది.

ఆ నలుగురి ఇళ్లలోనూ బెల్లం టీయే అని నాకు తెలుసు. వాళ్ల ఇళ్లకి మేం వెళ్తే వాళ్లూ పై అరలోకే చెయ్యి చాపేవారు. ఇన్ని ఇళ్లలో ఇంతమంది ఆడవాళ్ల చెయ్యి ఒకేసారి పై అరలోకి ఎవరు పంపించారు? చాలా ఏళ్ల తర్వాత ఈ ప్రశ్న నన్ను పట్టుకుంది. మనం తినేది మన ఇష్టమే అనుకుంటాం. ఆ ఇష్టానికి కూడా ఒక చరిత్ర ఉంటుందని, అందులో మన ఊరి పేరు, మన ఒంటి రంగు, మన సిగ్గు అన్నీ కలిసి ఉంటాయని అర్థం కావడానికి నాకు అమ్మ జబ్బు పడాల్సొచ్చింది. ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు పంచదార సంగతి. సిడ్నీ మింట్జ్ 1985లో రాసిన 'స్వీట్‌నెస్ అండ్ పవర్' పుస్తకంలో ఇంగ్లండులో ప్రభువుల బల్లల మీద ఉండే పంచదార ఫ్యాక్టరీ కూలీ టీ కప్పులోకి ఎలా దిగిందో వివరంగా చెప్తాడు. కరేబియన్ తోటల్లో బానిసల చెమట, ఇంగ్లండులో కూలీల ఆకలి, రెండూ ఒకే చెంచాలో కలిశాయి. మన దగ్గర కథ ఇంకోలా నడిచింది. టీ మనకి అలవాటు లేని సరుకు. 1903లో తెల్లవాళ్ల ప్రభుత్వం టీ మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో టీ ప్రచారం మొదలుపెట్టింది. 1930ల్లో ప్రచారకులు ఊరూరా తిరిగి, ఇళ్లలోకి వెళ్లి, ఉచితంగా టీ కాచి పోసి, ఎలా కాయాలో ఆడవాళ్లకి నేర్పించారు. అదే దశాబ్దంలో, 1932లో, దిగుమతి పంచదార మీద సుంకం వేసి దేశంలోని మిల్లులకి రక్షణ కల్పించారు. మరుసటి ఏడాదే మా జిల్లాలోని ఏటికొప్పాకలో సహకార చక్కెర కర్మాగారం వచ్చింది. మా ఊరి పక్కనే తుమ్మపాలలో కూడా మిల్లు నడిచింది, తర్వాత మూతపడింది. టీ, పంచదార కవలపిల్లల్లా మన వంటింట్లో అడుగుపెట్టాయి. పైగా కరువు కాలంలో, యుద్ధకాలంలో పంచదార రేషన్ మీద దొరికే వస్తువైంది. కార్డు మీద కొలిచి ఇచ్చే వస్తువుకి గౌరవం దానంతటదే వస్తుంది. ఊళ్లో పుట్టలుగా పడివుండే బెల్లానికి ఆ గౌరవం ఎక్కడిది?

శారదా నది అవతల తాతయ్యకి రెండెకరాల చెరకు ఉండేది. సంక్రాంతి ముందునుంచీ గానుగ దగ్గరే మా మకాం. పెనంలో రసం మరుగుతుంటే ఊరంతా తియ్యటి వాసన. అక్కడ నేను చిన్నప్పుడు గమనించని విషయం ఒకటుంది. ఇంట్లో పొయ్యి దగ్గర మగవాడు కనిపించడు, గానుగ పొయ్యి దగ్గర ఆడది కనిపించదు. పాకం ముదిరిందో లేదో చూసేవాడు, పెనం దించేవాడు, అచ్చులో పోసేవాడు అందరూ మగవాళ్లే. డబ్బు రాని వంట ఆడవాళ్లది, డబ్బొచ్చే వంట మగవాళ్లది. మరి ఆడవాళ్లేం చేసేవాళ్లు? చెరకు ఆకు దూసేవాళ్లు, మోపులు మోసేవాళ్లు, పిప్పి ఎండబెట్టేవాళ్లు, ఎండిన పిప్పి పొయ్యి దగ్గరికి చేర్చేవాళ్లు. చేతులనిండా చెరకాకు కోతలు. సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు పెనం అడుగున గీకిన నల్లటి ముక్క కొంగున కట్టుకెళ్లేవాళ్లు. అది వాళ్ల మొదటి రకం.

మార్కెట్‌లో మొదటి రకం వేరు. దిమ్మలు వరసలుగా పేర్చి ఉంటే, వ్యాపారి వచ్చి చూపు విసిరి రేటు చెప్తాడు. ఒక ముక్క గిల్లి నోట్లో వేసుకున్నా, రేటు తేల్చేది నాలుక కాదు, కన్ను. పసుపుపచ్చగా బంగారంలా మెరిస్తే మొదటి రకం. కాస్త ఎర్రబడితే రెండో రకం. నల్లబడితే మూడోది. చెరకు రకాన్ని బట్టి, నేల ఉప్పదనాన్ని బట్టి, గడ ముదురుని బట్టి బెల్లం రంగు మారుతుంది. తాతయ్య పొలం ఎంత బాగా చూసుకున్నా ఆ నేల ఇచ్చే రంగు ఎరుపే. అందుకని పెనంలో ఒక తెల్లపొడి పడటం మొదలైంది. దాన్ని అందరూ 'హైడ్రోస్' అంటారు. అసలు పేరు సోడియం హైడ్రోసల్ఫైట్, బట్టల అద్దకంలో వాడే మందు. గుప్పెడు వేస్తే ఎర్రటి రసం కళ్లముందే పచ్చబడుతుంది. కొన్నాళ్లు నిలవ ఉంటే ఆ రంగు మళ్లీ చెదిరిపోతుంది. అంటే ఆ మెరుపంతా వేలం పాట ముగిసేదాకానే. బెల్లంలో మిగిలే గంధకానికి చట్టం హద్దు పెట్టింది. 1913 నుంచీ ఉన్న మా ఊరి వ్యవసాయ పరిశోధన స్థానం మందు లేకుండా మంచి బెల్లం వండే పద్ధతులు చెప్తూనే ఉంది. బెండమొక్క జిగురుతో మడ్డి తియ్యడం మన పాత వాళ్లకీ తెలుసు. అయినా రైతు చెయ్యి మందు దగ్గరికే పోయేది. "తినేవోడికి పచ్చగా ఉండాలంట, మనకి రేటు రావాలి" అనేవాడు తాతయ్య. ఇంట్లోకి మాత్రం మందు వెయ్యని పెనం విడిగా వండించేవాడు. అమ్మేది ఒకటి, తినేది ఒకటి.

రైతుని తప్పు పట్టడం తేలిక. ఆ పచ్చదనం కావాలని అడిగిందెవరు? కొనే ఆడవాళ్లే కదా అంటారు. ఈ మాట దగ్గర ఆగి కొంచెం దూరం వెళ్లొస్తాను.

అమెరికాలో వెన్న బదులు మార్గరిన్ వచ్చినప్పుడు వెన్న వ్యాపారులు భయపడ్డారు. 1886లో దానిమీద పన్ను వేయించారు. పసుపు రంగు వెయ్యడాన్ని కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. మార్గరిన్‌కి గులాబీ రంగు వేసి అమ్మాలని కూడా కొన్ని చట్టాలు చేశారు. ఎవరూ కొనకూడదనే. 1898లో అక్కడి సుప్రీంకోర్టు ఆ గులాబీ చట్టాన్ని కొట్టేసింది. పసుపు మార్గరిన్ మీద ఉన్న ప్రత్యేక పన్ను 1950 దాకా పోలేదు. అందుకని కంపెనీలు తెల్ల మార్గరిన్‌తో పాటు చిన్న రంగు పొట్లం ఇచ్చేవి. ఇల్లాలు ఆ రంగుని గిన్నెలో వేసి, చేత్తో కలిపి, పసుపు చేసి బల్లమీద పెట్టేది. తమాషా ఏమిటంటే వెన్న కూడా ఏడాది పొడుగునా పసుపుగా ఉండదు. వెన్న వాళ్లూ రంగు కలిపేవాళ్లే. పోరాడింది మగ వ్యాపారులు, చట్టం చేసింది మగ శాసనసభ్యులు, చేతులు నొప్పిపెట్టేలా పిసికింది ఆడవాళ్లు. చివరికి "ఆడవాళ్లకి పసుపే కావాలి" అని తేల్చేశారు.

ఆడవాళ్ల కోరిక అనేదాన్ని ఒక సరుకుగా మార్చిన వాళ్లలో వియన్నా నుంచి అమెరికా వెళ్లిన ఎర్నెస్ట్ డిక్టర్ ఒకడు. గృహిణుల్ని కూర్చోబెట్టి మాట్లాడించి, వాళ్ల విసుగుని, అపరాధభావాన్ని, ఒంటరితనాన్ని కంపెనీలకి నివేదికలుగా అమ్మాడు. బెట్టీ ఫ్రీడన్ ఆ నివేదికలు చదివి, 1963లో వచ్చిన 'ఫెమినైన్ మిస్టిక్'లో ఒక అధ్యాయమే రాసింది. కేక్ పొడిలో గుడ్డు కొట్టి కలిపే పని ఇల్లాలికి వదిలేస్తే, తనే వండానని తృప్తిపడి కొంటుందని డిక్టర్ చెప్పాడంటూ ఒక కథ మార్కెటింగ్ క్లాసుల్లో తిరుగుతుంటుంది. కానీ గుడ్డు ఇంట్లో కలుపుకునే కేక్ పొడికి పేటెంటు 1935లోనే ఉంది, అతను అమెరికాలో అడుగుపెట్టకముందే. తాజా గుడ్డుతో కేకు రుచిగా ఉంటుంది, అంతే. నాలుకతో తేల్చుకున్న విషయాన్ని కూడా ఆడవాళ్ల మనోదౌర్బల్యంగా చెప్పడంలో ఎంత సుఖముందో చూడండి.

మన పత్రికల్ని కూడా ఇందులోంచి మినహాయించలేం. 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టిన కె.ఎన్. కేసరి, ఆడవాళ్ల మందు 'లోధ్ర' తయారీదారు కూడా. ఆ పత్రిక ఎందరో రచయిత్రులకి చోటిచ్చింది, స్వర్ణకంకణం తొడిగింది. ఆ కంకణం తొడిగిన చెయ్యి, మందు సీసా అమ్మిన చెయ్యి ఒకటే. దీన్ని నేను నింద కోసం చెప్పడం లేదు. మనం చదువుకోవడానికి తెరుచుకున్న తలుపులోంచే మార్కెట్ కూడా వంటింట్లోకి వచ్చిందని గుర్తుచేసుకోవడానికి మాత్రమే. 1937లో వచ్చిన డాల్డా నుంచి తమ్ముడికి అమ్మ రోజూ కలిపిచ్చిన 'బలం పొడి' దాకా అన్నీ ఆ తలుపులోంచి వచ్చినవే. ఆ పొడి తమ్ముడికే. నాకు "ఆడపిల్లవి, నీకెందుకే, బెల్లం ముక్క తిను" అని సమాధానం. ఆ కోవ పానీయాల్ని 'ఆరోగ్య పానీయాలు' అని ఆన్‌లైన్‌లో అమ్మకూడదని కేంద్ర వాణిజ్యశాఖ చెప్పింది 2024లో. ఈలోగా ఎన్ని ఇళ్లలో ఎంతమంది అక్కలు ఖాళీ గ్లాసు కడిగి ఉంటారో.

ఇక నల్లబెల్లం. నన్ను మా మేనత్త పిలిచే ముద్దుపేరు అదే. నేను నలుపు, చెల్లి పసుపు. పెళ్లిచూపులప్పుడు "పెద్దది నల్లబెల్లం, చిన్నది మొదటి రకం" అని నవ్వుతూ అనేది. అందరూ నవ్వేవారు, నేను కూడా. మా ఇద్దరికీ కట్నం ఒకే అంకె కాదు. మార్కెట్ యార్డులో రేటు చెప్పే చూపూ, పెళ్లిచూపుల గదిలో రేటు చెప్పే చూపూ ఒకటేనని అప్పుడు మాటల్లో పెట్టలేకపోయాను. తాతయ్య పెనంలో తెల్లపొడి వేసినట్టే, నా మొహానికి ఏవేవో క్రీములు రాశారు. ఆ రంగు కూడా చూపులయ్యేదాకానే.

నల్లబెల్లానికి ఇంకో మచ్చ కూడా ఉంది. సారా బట్టీలకి పోయేది అదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక పోరాటం మనందరికీ గర్వకారణం. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో సంపూర్ణ నిషేధం సడలిపోయింది. సారా పోరాటంలో ఆడవాళ్లు పోరాడింది తాగుడు మీద, పాటల వ్యాపారం మీద. ఆబ్కారీ వాళ్ల కన్ను మాత్రం నల్లబెల్లం బస్తా మీద పడింది. సారా కాంట్రాక్టర్లు వేరే వ్యాపారాల్లోకి వెళ్లారు. ఉప్పునేలలో చెరకు పండించిన పేదరైతుకి మాత్రం మూడో రకం దిమ్మ అమ్ముకోవడమే నేరంలా అయింది. అదే బెల్లం మేడారంలో సమ్మక్క సారలమ్మల ముందు 'బంగారం' అవుతుంది. అక్కడ నిలువెత్తు తూచేటప్పుడు రంగు ఎవరూ అడగరు.

ఇప్పుడు అమ్మ సంగతి. ఈమధ్య కాలంలో చక్రం తిరిగింది. నల్లబెల్లం మళ్లీ పై అరలోకి ఎక్కింది. నగరంలో గోధుమరంగు బెల్లం పొడిని గాజు సీసాలో పోసి, ముడతలు పడ్డ ముసలమ్మ చేతుల బొమ్మ వేసి, పంచదార కన్నా ఎన్నోరెట్లు ధరకి అమ్ముతున్నారు. ఆ బొమ్మలో చేతులున్నాయి గానీ చెరకాకు కోతలు లేవు. చెల్లి ప్రేమగా అలాంటి సీసాలు అమ్మకి పంపేది. అమ్మకి అప్పటికే షుగరు. "ఇది మందుల్లేని బెల్లం, మన బెల్లం, ఏటీ చెయ్యదు" అని రోజుకి నాలుగు టీలు తాగింది. పంచదార సీసా వైపు కన్నెత్తి చూడలేదు. కాలి పుండు మానకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ విని తలపట్టుకుంది. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే, రక్తంలోకి దాదాపు అంతే వేగంగా వెళ్తుంది అంది. అమ్మ ముఖం చిన్నబోయింది. "అంతేటమ్మా? మన బెల్లం కూడానా?" అంది. జీవితమంతా దాచిపెట్టుకున్న బెల్లానికి ముసలితనంలో మర్యాద దక్కిందని సంబరపడిందామె. ఆ సంబరాన్నే ఎవరో సీసాలో పోసి అమ్మారు. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

రక్తహీనతకి బెల్లం మందు అనే మాటా ఇలాంటిదే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికి దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అది ఇంకాస్త ఎక్కువ, 58.8 శాతం. బెల్లంలో కొంత ఇనుము ఉన్నమాట నిజమే, కానీ ఈ లోటు పూడ్చాలంటే చేటెడు బెల్లం తినాలి. చివర తినడం, మిగిలింది తినడం, గుడ్డూ మాంసమూ మగపిల్లల పళ్లెంలో వెయ్యడం అనే అలవాట్లు అలాగే ఉంచి, ఆడపిల్ల చేతిలో బెల్లం ముక్క పెట్టడం చాలా చవకైన పరిష్కారం. నా చిన్నప్పుడు నాకు దొరికిన సమాధానమూ అదే.

అందుకని పంచదారని తిట్టి బెల్లాన్ని పొగడడానికి నేనిది రాయడం లేదు. మా నాలుకలు మాకు అప్పగించమని మాత్రమే అడుగుతున్నాను. ఒక తరం సిగ్గు చూపించి అమ్మారు, ఇంకో తరం గర్వం చూపించి అమ్ముతున్నారు. రెండుసార్లూ చెయ్యి చాపింది మా అమ్మే.

మొన్న కొత్త అమావాస్య జాతరకి నూకాలమ్మ గుడికి వెళ్లి వస్తూ మార్కెట్‌లో ఆగాను. ఎర్రటి దిమ్మ ఒకటి చూపించి ధర అడిగాను. "అది మూడో రకమమ్మా, మీలాంటోళ్లకి కాదు, ఇటు చూడండి" అన్నాడు కొట్టతను. ముందు ముక్క రుచి చూపించమన్నాను. కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నాను. చిన్నప్పుడు కొంగుల్లో కట్టుకెళ్లిన ముక్క రుచి. అర కిలో కట్టించుకున్నాను, నా కోసం. అమ్మ టీలో మాత్రం ఏమీ వెయ్యను.