ఒపల్ రంగు పోతే అపశకునమా?

అశోక్‌నగర్ హాస్టల్లో మీ రూమ్మేట్‌కి ఎవరైనా "శుక్రుడు బాలేడు, వజ్రం కొనలేవు కదా, ఒపల్ పెట్టుకో, జాబ్ వస్తుంది" అన్నారా? అయితే ఈ ఎపిసోడ్ తనకే.

పేరు మనదేనంటారు. సంస్కృతంలో "ఉపల" అంటే రాయి, లాటిన్ "ఒపాలుస్" అక్కణ్నుంచే వచ్చిందని చాలామంది పండితుల మాట. కానీ నవరత్నాల్లో ఒపల్ లేదు! రోమన్లు మోజుపడ్డ ఒపల్స్ ఇప్పటి స్లొవాకియావి. ఆస్ట్రేలియా కూబర్ పెడీలో దొరికింది 1915లో.

మరి అపశకునం? 1829లో వాల్టర్ స్కాట్ ఒక నవల రాశాడు. అందులో ఒకావిడ తలలో ఒపల్ మీద పవిత్రజలం చుక్క పడుతుంది, రాయి వెలవెలబోతుంది. మర్నాడు పడక మీద గుప్పెడు బూడిద! యూరప్ జడుసుకుంది. విక్టోరియా రాణి మాత్రం ఒపల్స్ మానలేదు.

అసలు సంగతేంటంటే, ఒపల్ అంటే సన్నటి సిలికా గోళాలు, మధ్యలో కాస్త నీళ్లు. గోళాలు వరసగా ఉంటేనే రంగులు ఆడతాయి. 2008లో ఇథియోపియా వొల్లోలో దొరికిన రకమైతే నీళ్లు పీల్చేస్తుంది. అప్పుడు గాజులా మారి, రంగులు మాయం. సేమ్ స్కాట్ సీన్!

కాబట్టి చిక్కడపల్లిలో కొన్న ఉంగరం బట్టలుతికాక పాలిపోతే ప్రిలిమ్స్ పోయినట్టు కాదు. నీడలో ఆరనివ్వండి, కొన్ని రోజులు పట్టొచ్చు. హెయిర్ డ్రయ్యర్ మాత్రం పెట్టకండి, పగులుతుంది.