పొత్తిళ్ళలోని విద్య

శిశుపోషణ స్త్రీకి పుట్టుకతోనే అబ్బే విద్య అని లోకంలో ఒక నమ్మకం స్థిరపడి ఉన్నది. వాత్సల్యం సహజమే కావచ్చు. కాని అప్పుడే పుట్టిన బిడ్డ మెడ కింద చేయి ఎట్లా ఉంచాలో, బొడ్డుతాడు ఎక్కడ కట్టి ఎక్కడ కోయాలో, లేత ఒళ్ళు చల్లబడకుండా ఎట్లా కాపాడాలో వాత్సల్యం ఒక్కటే నేర్పజాలదు. దానిని ఎవరో ఒకరు నేర్పాలి. భారతదేశంలో ఈ విద్యను ఎవరు ఎవరికి నేర్పుతూ వచ్చారని విచారించినప్పుడు, తల్లుల అజ్ఞానం కంటె గురువుల అహంకారమే పెద్ద ఆటంకమైనదని తోస్తుంది.

ఈ విద్యకు శాస్త్రప్రతిష్ఠ ప్రాచీనమైనది. ఆయుర్వేదపు ఎనిమిది అంగాలలో కౌమారభృత్యం ఒకటి. చరకసంహితలోని శారీరస్థానం బొడ్డుతాడును నాభికి ఎనిమిది అంగుళాల దూరాన గుర్తించి, పదునైన పరికరంతో కోసి, చివరను దారంతో కట్టమంటుంది. బిడ్డ వస్త్రాలు మెత్తగా, తేలికగా, శుభ్రంగా ఉండాలంటుంది. తడిసినవాటిని తీసివేయాలనీ, వేరే బట్టలు లేకపోతే వాటినే ఉతికి, ధూపం వేసి వాడాలనీ చెబుతుంది. ఆటవస్తువులు మొన తేలి ఉండరాదు, నోటిలో పట్టేంత చిన్నవి కారాదు, భయపెట్టేవి కారాదు. మారాం చేసే బిడ్డను రాక్షసుల పేర్లు చెప్పి బెదిరించరాదన్న హెచ్చరిక కూడ అక్కడ ఉన్నది.

శాస్త్రాలన్నీ ఏకవాక్యంగా ఉన్నవని మాత్రం అనుకోరాదు. తేనె, నెయ్యి నాకించిన తరువాత తల్లి రొమ్ము అందించమని చరకుడు. తల్లికి పాలు పడడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది గనుక అంతవరకు తేనె, నెయ్యి ఇవ్వమని సుశ్రుతుడు. నేటి వైద్యం పసిబిడ్డకు తేనె కూడదంటుంది. ముర్రుపాలు తొలి గంటలోనే పట్టమంటుంది. శిశువైద్యానికే ప్రత్యేకించిన కాశ్యపసంహిత నేపాలంలో అసంపూర్ణ ప్రతిగా దొరికి, 1938లో గాని అచ్చుకు ఎక్కలేదు.

గ్రంథాలు సంస్కృతంలో ఉన్నవి. పురిటిగదిలో ఉన్నది మంత్రసాని. ఉత్తరాదిన దాయీ అని పిలువబడే ఈ స్త్రీ తరచుగా అస్పృశ్యులుగా ఎంచబడిన కులాలకు చెందినది. బొడ్డు కోయడం మైల పని అని సమాజం దానిని ఆమెకు వదలిపెట్టింది. ఆపైన ఆమె చేతులే మైలవని నిందించింది. పురిటినొప్పుల వేళ తోడుండడం, నడుము పట్టడం, బిడ్డకు నలుగుపెట్టి స్నానం చేయించడం ఆమె తల్లి వద్దా అత్త వద్దా చూచి నేర్చుకున్నది. ఆమె చేతిలోని కొడవలి మాత్రం కాచిన నీరు ఎరుగదు. ఆ కొడవలి వెంట ధనుర్వాతం ఎందరో పసికందులను తీసుకుపోయింది. ఆ తప్పుకు అవిద్యతోపాటు అంటరానితనమూ బాధ్యురాలే.

బ్రిటిష్ పాలనలో ఈ విద్యకు కొత్త గురువులు వచ్చారు. 1885లో లేడీ డఫరిన్ పేర ఏర్పడిన నిధి స్త్రీలకు వైద్యసహాయం అందించడానికి పూనుకున్నది. 1903లో లేడీ కర్జన్ పూనికతో మంత్రసానుల శిక్షణకై విక్టోరియా స్మారక నిధి వెలసింది. ఢిల్లీలో 1918 నుండి ఆరోగ్య సందర్శకురాండ్రకు శిక్షణ ప్రారంభమయింది. ఈ ప్రయత్నాలు సదుద్దేశంతో కూడినవే. ఐతే మంత్రసానిని శిష్యురాలిగా కంటె దోషిగా చూచిన బోధకులు తక్కువ కాదు. ఆమెకు తెలిసినదేమిటని అడిగిన పాఠశాలలు అరుదు.

ఇదే కాలంలో అలహాబాదు ఈ విషయంలో హిందీ ముద్రణకు కేంద్రమయింది. ‘గృహలక్ష్మి’, ‘స్త్రీదర్పణ్’ 1909లోను, ‘చాంద్’ 1922లోను అక్కడ వెలువడసాగినవి. వైద్యురాలు యశోదాదేవి స్త్రీల ఆరోగ్యంపై సులభమైన హిందీలో అనేక పుస్తకాలు రచించింది. శాస్త్రం ఇట్లా ఇంటిభాషలోకి దిగింది. కాని 1931 జనాభా లెక్కలలో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి ముగ్గురికి మించలేదు. పుస్తకం గుమ్మందాకా వచ్చి ఆగిపోయింది. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక ప్రకారం, 1937లో బ్రిటిష్ ఇండియాలో సజీవంగా పుట్టిన ప్రతి వేయిమందిలో 162 మంది ఏడాది నిండకుండానే మరణించారు. అదే ఏట ఇంగ్లండు, వేల్సులలో ఆ సంఖ్య 58.

స్వాతంత్ర్యానంతరం ఈ కథకు ముఖ్యమైన మలుపు ప్రాణహితకు ఆవలి ఒడ్డున, తెలంగాణను ఆనుకొని ఉన్న మహారాష్ట్ర జిల్లా గడ్చిరోలిలో కలిగింది. వైద్యదంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ 1995లో అక్కడి 39 గ్రామాలలో ఒక ప్రయోగం చేపట్టారు. కొద్దిపాటి చదువుగల గ్రామస్త్రీలకే శిక్షణ ఇచ్చారు. వారు బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందని శిశువుకు ఊపిరి అందించడం, విషజ్వర లక్షణాలు గుర్తించి మందు సూది వేయడం నేర్చుకున్నారు. మంత్రసానిని గదిలోనుండి వెళ్ళగొట్టలేదు. ఆమె తల్లిని చూచుకొనగా ఈమె శిశువును చూచుకున్నది. ఇంట్లోని తల్లులకు, అమ్మమ్మలకు పాఠం ఆ మంచం పక్కనే జరిగింది. ప్రారంభంలో వేయికి 62గా ఉన్న నవజాత శిశుమరణాలు మూడవ ఏటికి 25.5కు దిగినవి. ఈ ఫలితాలు 1999లో ‘లాన్సెట్’ పత్రికలో వెలువడినవి.

2005లో ప్రారంభమైన ఆశా కార్యకర్తల వ్యవస్థ 2011 నుండి ఈ పద్ధతిని దేశమంతటా చేపట్టింది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆరుమార్లు, ఇంట పుట్టిన బిడ్డ వద్దకు ఏడుమార్లు, నలభైరెండవ రోజు లోపల ఆమె వెళ్ళాలి. 2020 నాటికి దేశంలో శిశుమరణాలు వేయికి 28కి తగ్గినవి. ఈ తగ్గుదలలో టీకాలకు, ఆసుపత్రి కాన్పులకు, ఆహారానికి, స్త్రీవిద్యకు కూడ భాగమున్నది. ఏ ఒక్కదానికో కీర్తి కట్టబెట్టడం న్యాయం కాదు.

ఐనను గడ్చిరోలి అనుభవం ఒక సంగతిని స్పష్టం చేస్తున్నది. బొడ్డు శుభ్రంగా కోయాలన్న మాట ఎంతో పాతది. తడిగుడ్డ మార్చాలన్నదీ పాతదే. ఆ మాట తాళపత్రం నుండి మంచం దాకా నడవడానికి ఇన్ని శతాబ్దాలు పట్టింది. గురువు గుమ్మం దాటి లోపలికి వచ్చి, ఇంటివారి భాషలో మాట్లాడి, మంత్రసాని పక్కన కూర్చున్నప్పుడే అది పూర్తిగా తల్లి చెవిని పడింది.