అమడేయస్ క్వార్టెట్: నిర్బంధ శిబిరాల్లో కలిసిన సంగీతం

రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో. కండక్టర్ ఉండడు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్ట్రింగ్ క్వార్టెట్ అంటే ఇదే. 20వ శతాబ్దంలో ఈ సంగీతానికి బాగా పేరు తెచ్చిన బృందాల్లో లండన్‌కు చెందిన అమడేయస్ క్వార్టెట్ ఒకటి.

నార్బర్ట్ బ్రైనిన్, సీగ్మండ్ నిస్సెల్, పీటర్ షిడ్లాఫ్ ముగ్గురూ యూదులు. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించాక బ్రిటన్‌కు పారిపోయి వచ్చారు. 1940లో అక్కడి ప్రభుత్వం ‘శత్రుదేశ పౌరులు’ అంటూ వాళ్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. నాజీల నుంచి ప్రాణాలు దక్కించుకున్న కుర్రాళ్లు శత్రువులట! వాళ్ల పరిచయం మొదలైంది ఆ శిబిరాల్లోనే. విడుదలయ్యాక మాక్స్ రోస్టల్ అనే వయొలిన్ గురువు ఫీజు తీసుకోకుండా నేర్పించారు. ఇంగ్లండ్‌కు చెందిన చెల్లో కళాకారుడు మార్టిన్ లవెట్ తోడయ్యారు. మరి వియోలా ఎవరు వాయించాలి? మిగతా ముగ్గురూ వయొలినిస్టులే కదా. షిడ్లాఫ్ దానికి మారారు.

1948 జనవరి 10న లండన్ విగ్మోర్ హాల్‌లో మోజార్ట్ పేరులోని ‘అమడేయస్’తో తొలి కచేరీ చేశారు. తర్వాత బీథోవెన్, మోజార్ట్, బ్రామ్స్ క్వార్టెట్లన్నీ రికార్డు చేశారు. అదీ డాయిష్ గ్రామోఫోన్ అనే జర్మన్ కంపెనీకే.

1987లో షిడ్లాఫ్ చనిపోయారు. మిగిలిన ముగ్గురూ కొత్తవారిని తీసుకోలేదు, క్వార్టెట్‌నే ఆపేశారు.