కాంతి పట్టకారులో పరమాణువు

1970లో బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త ఆర్థర్ ఆష్కిన్ నీటిలో తేలే సూక్ష్మ గోళాలను లేజర్ కాంతితో నెట్టి, రెండు పుంజాల మధ్య నిలబెట్టాడు. పరమాణువును అలా నిలపడానికి మరో పదహారేళ్లు పట్టింది. మామూలు వేడిమిలో అది సెకనుకు వందల మీటర్లు పరుగెత్తుతుంది. దాన్ని ఆపేంత బలం కాంతి ఉచ్చుకు లేదు. 1985లో స్టీవెన్ చూ, ఆష్కిన్ తదితరులు ఆరు వైపుల నుంచి లేజర్లు వేసి సోడియం పరమాణువుల పరుగు తగ్గించారు. మరుసటి ఏడాది అవి ఉచ్చులో చిక్కాయి.

చిక్కిన పరమాణువులను క్యూబిట్లుగా, అంటే క్వాంటం కంప్యూటర్ సమాచారపు మూల ప్రమాణాలుగా వాడి లెక్కలు చేయించాలంటే వాటి మధ్య సంబంధం కుదరాలి. విద్యుదావేశమున్న అయాన్లు దూరం నుంచే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. తటస్థ పరమాణువులు మాత్రం కొద్ది మైక్రాన్ల ఎడంలో ఉన్నా పొరుగును పట్టించుకోవు. దీన్ని దాటే దారి 2000లో సిరాక్, జోలర్, లుకిన్ తదితరుల సిద్ధాంత పత్రంలో దొరికింది. ఈ చరిత్రలో అసలు మలుపు అదేనని నా నమ్మకం. లేజర్‌తో బయటి ఎలక్ట్రాన్‌ను బాగా దూరపు కక్ష్యకు లేపితే పరమాణువు వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతుంది. ఈ రిడ్‌బర్గ్ స్థితిలో ఉన్నంతసేపూ, పక్కది కూడా అదే స్థితికి ఎక్కకుండా అడ్డుకుంటుంది. కిందికి దించగానే మళ్లీ దేని దారి దానిదే. లోపం అనుకున్న ఆ తటస్థతే, లెక్క లేనప్పుడు క్యూబిట్లకు రక్షణ అయింది.

2001లో పారిస్ సమీపంలోని ఓర్సేలో ఫిలిప్ గ్రాంజియే బృందం ఒక్కో కాంతి ఉచ్చులో, అంటే పట్టకారులో, ఒకే పరమాణువును నిలిపింది. రెండు చేరితే ఢీకొని రెండూ పోతాయి కనుక సగం సార్లు పట్టకారు ఖాళీయే. విస్కాన్సిన్ బృందం, ఫ్రెంచి బృందం 2009లో రిడ్‌బర్గ్ అడ్డగింపును ప్రయోగంలో చూపాయి. మరుసటి ఏడాదికి రెండు క్యూబిట్ల గేటు (రెండింటినీ కలిపి చేసే లెక్క మెట్టు) వచ్చింది. అయినా ఖాళీల బెడద పోలేదు. యాభై పట్టకార్లు వాటంతటవే ఒకేసారి నిండే అవకాశం కోటి కోట్లలో ఒకటి కూడా ఉండదు. 2016లో ఫ్రాన్స్‌లోనూ హార్వర్డ్‌లోనూ పరిశోధకులు దీన్ని ముచ్చటగా పరిష్కరించారు: ముందు ఫొటో తీసి ఏవి నిండాయో చూడడం, నిండినవాటిని కదిపి ఖాళీల్లోకి చేర్చడం. ఇదంతా అరసెకను లోపే. మరుసటి ఏడాదే 51 పరమాణువులతో ప్రయోగం జరిగింది. 2021కి 256 అయ్యాయి.

ఆ కదిలించే నేర్పే 2022లో లెక్క మధ్యలోకీ వచ్చింది. దూరంగా ఉన్న క్యూబిట్లను దగ్గరకు తెచ్చి ముడివేయడం వీలైంది. 2023 చివరికి హార్వర్డ్ బృందం 280 పరమాణువుల దాకా వాడి, దోషాలను పసిగట్టగలిగేలా పలు పరమాణువులపై పరిచిన 48 తార్కిక క్యూబిట్లను నడిపింది. కాల్‌టెక్‌లో 6,100 సీజియం పరమాణువులు ఒకే అమరికలో నిలిచాయి. రెండు క్యూబిట్ల గేటు మాత్రం 2023 నాటికి సుమారు రెండు వందల సార్లకు ఒకసారి తప్పేది. పరమాణువులూ జారిపోతూనే ఉన్నాయి. అలా పోయినవాటి చోట కొత్తవి నింపుతూ, 2025లో హార్వర్డ్ బృందం 3,000 పరమాణువుల అమరికను రెండు గంటలకు పైగా ఆగకుండా నిలిపింది.