ప్లాస్మా దానము

రక్తమునుండి కణములన్నిటిని తొలగింపగా మిగులు పసుపువన్నె ద్రవమే ప్లాస్మా. ఇది రక్తపరిమాణమున సుమారు 55 శాతముండును, ఇందు పదింట తొమ్మిదిపాళ్లు నీరే యైనను, శేషించిన స్వల్పభాగమునందలి ఆల్బుమిన్, ప్రతిరక్షకములు, రక్తమును గడ్డకట్టించు కారకములు దీనికి వైద్యమున అసామాన్యమైన విలువను సమకూర్చినవి. దాత సిరనుండి తీసిన రక్తమును యంత్రము వడిగా త్రిప్పి, ప్లాస్మాను వేఱుపఱచి, కణములను మరల ఆతనికే చేర్చును. కావుననే సంపూర్ణ రక్తదాత నెలలతరబడి వేచియుండవలసి యుండగా, ప్లాస్మాదాత 48 గంటల పిమ్మట మరల దానము చేయవచ్చును. భారతీయ నిబంధనలు వారమునకు రెండు, ఏడాదికి 24 పర్యాయములకు మించనీయవు.

దాత 18 మొదలు 60 ఏండ్ల ప్రాయము, 50 కిలోలకు తగ్గని బరువు, డెసిలీటరుకు 12.5 గ్రాములకు తగ్గని హిమోగ్లోబిన్ కలిగి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి సోకనివాడై యుండవలెను; గర్భిణులు, పాలిచ్చు తల్లులు తగరు. పలువురు పొరపడు విషయమొకటి కలదు: ఎఱ్ఱకణముల విషయమున ఎల్లరకును దాతయైన ఓ వర్గమువాని ప్లాస్మా ఓ వర్గమువారికే చెల్లును, ఏబీ వర్గమువాని ప్లాస్మాయో, ఏ, బీలకు ప్రతికూలమగు ప్రతిరక్షకములు లేనందున, సర్వులకును సరిపోవును.

ఇట్టి దాతలలో నొకడైన ఆస్ట్రేలియావాసి జేమ్స్ హారిసన్, 1954 నుండి 2018 వఱకు, వేయికి మించిన పర్యాయములు దానము చేసెను. ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లుల శిశువులను కాపాడు యాంటీ-డి ఔషధము ఆతని ప్లాస్మానుండియు సిద్ధమయ్యెను.